ఫెరీహా అబద్ధం, కాజీపల్లి సంబంధం

కాజీపల్లిలో బీ షిఫ్టు వదిలేసరికి రాత్రి పది దాటుతుంది. కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు బొల్లారం వైపు కొన్ని, గడ్డపోతారం వైపు కొన్ని వెళ్ళిపోతాయి. ఇంటికొచ్చిన మగవాళ్ళు అన్నం తిని నడుం వాల్చే వేళకి చాలా ఇళ్ళల్లో ఇంకో లోకం మొదలవుతుంది. గిన్నెలు బోర్లించి, స్టవ్వు తుడిచి, ఫోన్‌ని ఏ ఉప్పు డబ్బాకో ఆనించి, అమ్మీ, కోడలు, కాలేజీకి పోయే బిడ్డ ముగ్గురూ ఇస్తాంబుల్ వెళ్ళిపోతారు. ఏం చూస్తున్నారని అడిగితే సీరియల్ పేరు రాదు. "అదే, హయాత్‌ది" అంటారు. లేకపోతే "ఫెరీహాది". ఎవరైనా మగమనిషి దగ్గరికొస్తే సౌండ్ తగ్గుతుంది.

ఈ సౌండ్ తగ్గడం 2025 వేసవి తర్వాత ఇంకొంచెం ఎక్కువైంది. ఎందుకో అందరికీ తెలుసు. ఏప్రిల్ 22న పహల్గామ్ ఉగ్రదాడి, మే 7న ఆపరేషన్ సిందూర్. ఆ రోజుల్లో టర్కీ పాకిస్తాన్ పక్షాన నిలబడింది. దాంతో ఇక్కడ టర్కీ ఆపిల్ పండ్ల నుంచి పాలరాయి దాకా, టూర్ ప్యాకేజీల నుంచి సినిమా షూటింగుల దాకా అన్నీ బంద్ చెయ్యాలని పిలుపులొచ్చాయి. మే 15న విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే చెలెబి అనే టర్కీ కంపెనీకి సెక్యూరిటీ క్లియరెన్స్ రద్దయింది. అప్పటిదాకా ఆ కంపెనీ పనిచేసిన ఎయిర్‌పోర్టుల్లో మన శంషాబాద్ కూడా ఉంది. అదే వారంలో గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ టర్కీకి చెందిన యూనుస్ ఎమ్రే సంస్థతో ఒప్పందం రద్దు చేసుకుంది. 2024 జనవరిలో ఐదేళ్ళకు కుదిరిన ఒప్పందం అది. టర్కీ భాషలో డిప్లొమా నడిచింది దాని కిందే.

మరి సీరియళ్ళు? మే 8న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఓటీటీలకు ఇచ్చిన సూచన పాకిస్తాన్‌లో తయారైన సినిమాలు, సిరీస్‌లు, పాటల గురించి. టర్కీ మాట అందులో లేదు. అయినా దెబ్బ పడింది. మన ఇళ్ళల్లోకి టర్కీ కథలు ఎక్కువగా ఉర్దూ డబ్బింగులో వచ్చాయి, ఆ డబ్బింగు పాకిస్తాన్ చానెళ్ళది. వాటి యూట్యూబ్ పేజీలు చాలా ఇక్కడ తెరుచుకోవడం మానేశాయి. మిగిలింది హిందీ డబ్బింగు, అక్కడక్కడా తెలుగు డబ్బింగు. కథ అదే, గొంతు మారింది. అంతే.

ఈ కథలు మన దాకా వచ్చిన దారి కొంచెం చెప్పుకోవాలి. 2008లో ఎంబీసీ చానెల్ 'గుముష్' అనే టర్కీ సీరియల్‌ని 'నూర్' పేరుతో అరబిక్‌లో వేసింది. ఆ ఏడాది ఆగస్టు 30న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌ని ఎనిమిదిన్నర కోట్ల మంది చూశారని అప్పట్లో వార్తలొచ్చాయి. సౌదీ గ్రాండ్ ముఫ్తీ అది చూడొద్దన్నారు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ చెవిన ఆ గొడవంతా అప్పుడే పడింది. 2012లో పాకిస్తాన్‌లో 'ఇష్కే మమ్నూ' ఉర్దూలో వచ్చింది. ఇండియాలో జీ వాళ్ళ జిందగీ చానెల్ 2014 జూన్‌లో పాకిస్తానీ డ్రామాలతో మొదలై, మరుసటి ఏడాది 'ఫెరీహా'తో టర్కీకి తలుపు తీసింది. 2020 రంజాన్‌లో పాకిస్తాన్ టీవీ 'ఎర్తుగ్రుల్ గాజీ' మొదలుపెట్టాక మగవాళ్ళు కూడా చేరారు. లాక్‌డౌన్, షిఫ్టులు లేవు, అందరూ ఇంట్లోనే. ఆ తర్వాత ఎమ్ఎక్స్ ప్లేయర్ లాంటి ఫ్రీ యాప్‌లు హిందీ, తమిళం, తెలుగు డబ్బింగులతో ప్రేమకథలు కుమ్మరించాయి. టర్కీలో ఒక్కో ఎపిసోడ్ రెండు గంటలకు పైనే ఉంటుంది, వారానికొకటి వస్తుంది. బయటి దేశాలకు అమ్మేటప్పుడు దాన్నే ముక్కలు చేసి ముప్పావు గంటకి కుదిస్తారు. ఇవాళ ఆ సీరియళ్ళు 150కి పైగా దేశాల్లో ఆడుతున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ సీరియళ్ళ మీద మన మధ్య జరిగే మాటలన్నీ రెండే రకాలు. ఒకటి బయటివాళ్ళ ప్రశ్న: టర్కీ వాళ్ళది చూస్తావా, నీ వఫాదారీ ఎటు? రెండోది ఇంట్లోవాళ్ళ ప్రశ్న: ఆ బట్టలేంటి, ఆ గ్లాసుల్లో పోసేదేంటి, ముసల్మాన్ దేశమని చెప్పుకుని ఇదా చూపించేది? మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన అవసరం, కాజీపల్లిలో అప్పు తీర్చడానికి ఓవర్‌టైమ్ చేసే మనిషి ఇంటికి ఉందని అనుకోవడమే విడ్డూరం. కొరియన్ సీరియల్ చూసే పక్కింటి పిల్లని ఎవరూ కొరియా సంగతి అడగరు. రెండో ప్రశ్న న్యాయమైనదే. టర్కీ సీరియల్‌ని దీనీ సీరియల్ అనుకుని చూస్తే మోసపోయినట్టే. 1926 నుంచి అక్కడ పెళ్ళి, విడాకులు సివిల్ చట్టం కిందికి వచ్చాయి. టీవీ డ్రామాల్లో తల కప్పుకున్న హీరోయిన్ కనబడడం అక్కడే అరుదు. సలాం, చాయ్, దాదీ చేతికి ముద్దు, బైరం పండగ, ఇవి చూసి "మన ఇల్లు లాగే ఉంది" అనిపిస్తుంది గానీ, అది కొంతవరకే.

కానీ ఈ రెండు ప్రశ్నల గోలలో మూడో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆ కథల్లో ఏముంది? దాదాపు ప్రతి దాంట్లో ఉన్నది ఒకటే. ఇంటి పరువు కోసం దాచిన ఒక నిజం, దాని ఖరీదు కట్టే ఒక ఆడపిల్ల.

ఫెరీహానే చూడండి. 2011లో టర్కీ షో టీవీలో మొదలైంది. ఇస్తాంబుల్‌లో ఎటిలర్ అనే డబ్బున్నవాళ్ళ పేట. అక్కడి అపార్ట్‌మెంట్‌లో రిజా వాచ్‌మెన్ లాంటి పనివాడు. భార్య జెహ్రా ఆ ఫ్లాట్లలోనే ఇల్లు తుడుస్తుంది. కాపురం నేలమాళిగలో. బిడ్డ ఫెరీహా బాగా చదివి, స్కాలర్‌షిప్ మీద డబ్బున్న పిల్లలు చదివే ప్రైవేటు యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంటుంది. అక్కడ ఒక చిన్న అబద్ధం. మాది కూడా డబ్బున్న ఇల్లేనని. ఎమిర్ అనే కుర్రాడు ప్రేమిస్తాడు. అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధం, దానికి ఇంకోటి. తల్లికి కొంత తెలుస్తుంది, తండ్రికి, అన్నకి తెలియకుండా దాస్తుంది. బిడ్డ బయట దాస్తే తల్లి లోపల దాస్తుంది. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పు అని మన ఆడవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. "జెహ్రా ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా" అని ఒకరు, "చెప్తే ఆ అన్న బతకనిచ్చేవాడా" అని ఇంకొకరు.

ఈ వాదన ఇస్తాంబుల్ గురించేనా?

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పట్టీలో ముప్ఫై నలభై ఏళ్ళుగా కంపెనీలే జీవితం. మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు. చెరువులు పాడైన కథ, రాత్రిళ్ళు ముక్కుపుటాలు మండించే వాసన కథ పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. రాని కథ ఒకటుంది. ఈ పట్టీలో సంబంధాలు కుదిరేటప్పుడు దాచే నిజాలు కూడా కంపెనీ చుట్టూనే తిరుగుతాయి. "పోరడు ఏం జేస్తడు?" "కంపెనీల పర్మనెంట్." ఈ ఒక్క మాట మీద మెహర్ ఎంత, ఫంక్షన్ హాల్ ఏది, ఆడపిల్లవాళ్ళు ఏం పెట్టాలి అన్నీ తేలిపోతాయి. జహేజ్ అడగం అంటూనే బండి మాట ఎత్తేది ఇక్కడే. నిఖా అయిన నాలుగో నెలలో కాంట్రాక్టర్ మారతాడు, పాతవాళ్ళని తీసేస్తారు. అప్పుడు తెలుస్తుంది కోడలికి, ఆయన పర్మనెంట్ కాదు, ఏ రోజూ కాలేదు అని. సాస్ అంటుంది, "బేటీ, ఘర్ కీ బాత్ ఘర్ మే రఖ్నా." ఇంటి మాట ఇంట్లోనే ఉంచు. అంటే ఆ నిజాన్ని ఇప్పుడు ఈమె తన అమ్మీ అబ్బాకి చెప్పకుండా మొయ్యాలి.

ఆడపిల్ల వైపు దాచేవీ ఉన్నాయి. తండ్రికి ఒంట్లో బాగాలేక, బిడ్డ రెండేళ్ళు ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసి ఇల్లు నడుపుతుంది. సంబంధం వచ్చిన రోజు "మా పాప ఇంట్లోనే ఉంటది, బయటికి పోదు" అని చెప్తారు. ఫెరీహా లేని డబ్బు ఉన్నట్టు చెప్పింది. ఈ పిల్ల విషయంలో ఇంటివాళ్ళు, ఉన్న గౌరవాన్నే లేనట్టు చెప్పారు. ఇల్లు నిలబెట్టిన సంపాదన దాచుకోవాల్సిన తప్పెలా అయ్యిందో ఎవరూ అడగరు. పెళ్ళయ్యాక ఏ పాత ఐడీ కార్డో, పాత ఫొటోనో బయటపడితే, పనిచేసింది తప్పు కాదు, "మాకెందుకు చెప్పలేదు" అనేదే గొడవ.

మన తెలుగు సీరియళ్ళల్లో కూడా రహస్యాలకి కొదవ లేదు. 'కార్తీక దీపం' ఐదేళ్ళు నడిచింది ఒక దొంగ రిపోర్టు మీదే. కానీ అక్కడ అబద్ధం పుట్టించేది విలన్. మోనిత లాంటిది ఒకతి కుట్ర చేస్తుంది, మంచివాళ్ళు ఏడుస్తారు. చూసేవాళ్ళకి సుఖం, ఎందుకంటే మనింట్లో మోనిత లేదు. మంచి టర్కీ కథల్లో ఆ సుఖం ఉండదు. అక్కడ అబద్ధాన్ని పుట్టించేది ప్రేమ, భయం. జెహ్రా చెడ్డ తల్లి కాదు. రిజా చెడ్డ తండ్రి కూడా కాదు, పేదరికంలో కూడా తల వంచని మనిషి. అందుకే ఆ కథ గుచ్చుకుంటుంది. (అన్నీ ఇంత మంచివని కాదు. సగం టర్కీ సీరియళ్ళు కూడా నూట యాభై ఎపిసోడ్ల కారు యాక్సిడెంట్లే.)

ఇంకా లోతుకి వెళ్ళిన కథ 'ఫాత్మాగుల్'. 2010లో కనల్ డీలో మొదలైంది, జిందగీలోనూ వచ్చింది. ఊళ్ళో పెద్దింటి కుర్రాళ్ళు ఒక పేద పిల్లని చెరుస్తారు. డబ్బిచ్చి, ఆ రాత్రి అక్కడున్న ఒకడితోనే నిఖా చేయించి నోరు మూయిస్తారు. ఒప్పించేది ఎవరో కాదు, సొంత వదిన. "పరువు దక్కింది కదా" అనే మాట ఆ కథంతా పాములా పాకుతుంది. చివరికి ఆ పిల్ల కోర్టు మెట్లెక్కుతుంది. నిందితుడికే ఇచ్చి పెళ్ళి చేసి రాజీ కుదర్చడం మన జిల్లాల్లో కూడా ఎన్నోసార్లు విన్న మాటే, ఏ ఒక్క మతానికో పరిమితం కాదు.

ఈ మధ్య కాలంలో అన్నిటికంటే గొడవ లేపింది 'కిజిల్‌జిక్ షెర్బెతి'. 2022లో మొదలైంది. ఆ పేరు వెనక టర్కీ వాళ్ళ సామెత ఉంది. నోట్లోంచి రక్తం కక్కుకుంటూ కూడా, "ఏం లేదు, ఎర్ర పళ్ళ షర్బత్ తాగాను" అని చెప్పే మనిషి గురించి ఆ సామెత. బాధ బయటికి పొక్కనివ్వకుండా బతికేవాళ్ళని అలా అంటారు. మన దగ్గర "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్డట్టు" అని నోరు మూసుకునేవాళ్ళు లేరా, వాళ్ళే. ఒక సెక్యులర్ కుటుంబం, ఒక దీన్‌దార్ డబ్బున్న కుటుంబం వియ్యమందుకుంటాయి. దీన్‌దార్ ఇంటి బిడ్డ నుర్సెమా హిజాబ్ వేసుకుంటుంది, నమాజ్ చేస్తుంది. ఆమెకి మనసులో ఒకరు ఉన్నారని తెలిసి, పేరు చెడకముందే ఇంటివాళ్ళు హడావిడిగా వేరే సంబంధం కట్టేస్తారు. ఆ భర్త ఆమెని కిటికీలోంచి కిందికి తోసేస్తాడు. 2023లో ఈ సీన్ మీద అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆర్‌టీయూకే జరిమానా వేసి, ఐదు ఎపిసోడ్లు ఆపమంది. చూపించడం తప్పా, జరగడం తప్పా అని అక్కడ పెద్ద చర్చ నడిచింది. 2025ని 'కుటుంబ సంవత్సరం' అని ప్రకటించిన దేశం అది. సీరియళ్ళు కుటుంబాన్ని పాడుచేస్తున్నాయన్న ఫిర్యాదు మన పెద్దలదే కాదు, అంకారా పెద్దలది కూడా. సుల్తాన్ సులేమాన్ కథని చూపించిన తీరు మీద 2012లో ఎర్దోగాన్ స్వయంగా విరుచుకుపడ్డారు.

పాడుచేసేది సీరియలా, గుట్టా? "ఇంటి గుట్టు లంకకు చేటు" అని తెలుగు సామెత. దాన్ని మనం ఎప్పుడూ ఒక వైపు నుంచే వింటాం, గుట్టు బయటపెట్టినవాడిదే తప్పని.

ఇక్కడ దీన్ ఏం చెప్తుందో చూడాలి, ఎందుకంటే "ఇస్లాంలో ఎదుటివాడి తప్పు కప్పమన్నారు కదా" అనే జవాబు వెంటనే వస్తుంది. నిజమే. ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని అల్లాహ్ కప్పుతాడనే అర్థం వచ్చే హదీసు అందరికీ తెలుసు. అది పెద్ద మాట. వాడలో తిరిగి ఎవరి కథలో చెప్పుకునే అలవాటుని ఆపడానికి అది చాలు. కానీ సంబంధం మాటలు వచ్చినప్పుడు ఇంకో హదీసు ఉంది. సహీహ్ ముస్లింలో, తలాఖ్ అధ్యాయంలో. ఫాతిమా బిన్తె ఖైస్ (ర.అ.) ఇద్దత్ పూర్తయ్యాక ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, తనకి రెండు సంబంధాలు వచ్చాయని చెప్తారు. ఒకరు ముఆవియా, ఇంకొకరు అబూ జహమ్. ప్రవక్త (స) ఇద్దరి సంగతీ నేరుగా చెప్పారు. ఒకరి దగ్గర ఆస్తి లేదని, ఇంకొకరి భుజం మీంచి కర్ర దిగదని, అంటే కొట్టే మనిషని. ఉసామా బిన్ జైద్‌ని చేసుకోమని సలహా ఇచ్చారు. ఇద్దరూ సహాబాలే. అయినా ఒక ఆడమనిషి జీవితం ముందు వాళ్ళ లోపం దాచలేదు. రాబడి గురించి, కొట్టే అలవాటు గురించి. సరిగ్గా మన సంబంధాల్లో దాచే రెండు విషయాలే.

ఇమామ్ నవవీ 'రియాజుస్ సాలిహీన్'లో, పెళ్ళి గురించి సలహా అడిగినప్పుడు నిజం చెప్పడం నిషిద్ధమైన గీబత్ కిందికి రాదని రాశారు. అడిగేవాడికి తెలుసుకునే హక్కు ఉన్న చోట మాత్రమే, అవసరమైనంత మాత్రమే. ఫెరీహా చదివే స్కాలర్‌షిప్ సంగతి క్లాసులో అందరికీ చెప్పక్కర్లేదు. ఎమిర్‌కి చెప్పాలి. కోడలి పాత జబ్బు గురించి వాడకి తెలియక్కర్లేదు. చేసుకోబోయే మనిషికి తెలియాలి. గీత ఎక్కడ పడుతుందో ప్రతిసారీ తేలిగ్గా తేలదు. తీరిపోయిన, ఎవరికీ నష్టం లేని గతాన్ని తవ్వి చెప్పమని ఎవరూ అనరు. అయితే ఉద్యోగం, అప్పు, ముందు పెళ్ళి, నడుస్తున్న జబ్బు, తాగుడు... ఇవి గతం కాదు, రేపటి కాపురం.

నిఖా ఖుత్బాలో ఖాజీ సాబ్ చదివే ఆయతుల్లో సూరె అహ్‌జాబ్‌లోది ఒకటి ఉంటుంది. అల్లాహ్‌కి భయపడమని, సూటిగా నిజం పలకమని. 'ఖౌలె సదీద్' అనే మాట అందులోదే. బిర్యానీ డేగ్చీలు దిగుతున్న హడావిడిలో అది అరబిక్‌లో వినబడి వెళ్ళిపోతుంది. పేరులోనే ఖాజీని పెట్టుకున్న ఊళ్ళో కూడా అంతే.

చట్టం వైపు నుంచి చూస్తే, 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం భార్యకి కొన్ని కారణాల మీద కోర్టుకి వెళ్ళే దారి ఇచ్చింది. రెండేళ్ళు పోషించకపోతే, నాలుగేళ్ళు ఆచూకీ లేకపోతే, క్రూరంగా హింసిస్తే, ఇంకా కొన్ని. "పర్మనెంట్ అని అబద్ధం చెప్పాడు" అనేది ఆ జాబితాలో లేదు. అబద్ధం చెప్పిన రోజుకీ పోషించలేని రెండేళ్ళు పూర్తయ్యే రోజుకీ మధ్య కాలమంతా ఆ పిల్లదే. నిఖానామాలో షరతులు రాయించుకునే వీలుంది, రాయించేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. మెహర్ నగదా, బాకీనా అనే దగ్గరే మాటలు ఆగిపోతాయి.

ఈ పట్టీలో ఒక కాగితం ఉంది, అది చాలా తేలిగ్గా దొరుకుతుంది. పీఎఫ్ పాస్‌బుక్. ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. కంపెనీ సొంత ఉద్యోగి అయితే కంపెనీ పేరు కనబడుతుంది, కాంట్రాక్టు మనిషి అయితే మామూలుగా కాంట్రాక్టర్ పేరు ఉంటుంది. పీఎఫ్ అసలు కట్టనివాళ్ళదైతే ఏమీ ఉండదు. కాంట్రాక్టు పని తప్పు కాదు, ఈ పట్టీలో సగం పొయ్యిలు దాని మీదే వెలుగుతున్నాయి. పిల్లవాడు తనే ముందుకొచ్చి, ఇదీ నా జీతం, ఇదీ నా కాంట్రాక్టర్ పేరు అని ఫోన్ చూపిస్తే, తిరస్కరించే మామలు ఉంటారు, ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. ఆడపిల్లవాళ్ళు కూడా అలాగే, "మా పాప రెండేళ్ళు ప్యాకింగ్‌లో పనిచేసింది, మా ఇల్లు ఆమే నడిపింది" అని చాయ్ కప్పులు పెట్టే ముందే చెప్పొచ్చు.

ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోన్‌లో జెహ్రా మళ్ళీ రిజా దగ్గర ఏదో దాస్తుంది. చూస్తున్న ముగ్గురిలో ఇద్దరు "చెప్పెయ్, చెప్పెయ్" అని గొణుగుతారు. మూడో ఆమెకి ఆదివారం సంబంధం వాళ్ళు వస్తున్నారు. ఆమె ఏమీ అనదు.